తంగేడు: పువ్వును, పట్టయు



భాద్రపద బహుళామావాస్య సమీపించునప్పటికి ఓరుగల్లు సీమలో ఏ గుట్టయంచున నిలిచి చూచినను పసుపువన్నె కన్నులకు కట్టును. అది ఎవరును విత్తిన పైరు కాదు, ఎవరును నీరు పోసి పెంచిన తోట కాదు. బీడుభూములలో, చెరువుకట్టల వాలులలో, రాతినేలలలో తనంతట తాను మొలచు తంగేడు అది. ఆ పువ్వును గూర్చి ప్రతి సంవత్సరమును బతుకమ్మపండుగ దినములలో ఎందరో మాటలాడుదురు. నే నీ ప్రసంగములో పువ్వుతోపాటు పట్టను గూర్చియు చెప్పదలచితిని. ఏలయన పువ్వు చరిత్ర పాటలలో నిలిచియున్నది. పట్ట చరిత్రయో, దానిని ఒలిచిన చేతులతోడనే మరుగుపడుచున్నది. రెండును ఒక్క చెట్టువే.

మొదట చెట్టును గుర్తింతము. తంగేడు నిలువెత్తు పొద. మంచినేల దొరకినచో చిన్న చెట్టుగా కూడ ఎదుగును. ఆకులు చింతాకువలె రెండువరుసలుగా కూర్చబడియుండును. ఆకుకాడ మొదట చెవితమ్మెలవంటి రెండు చిరుటాకులుండును. ఇతర పొదలనుండి దీనిని వేరుపరచుటకు ఆ చెవులే ఆనవాలు. పూవునకు రేకులు 5, కేసరములు 10. వానిలో మీది మూడు గొడ్డుపోయినవి. ఈ పూవులో తేనె లేదు, పుప్పొడి మాత్రమే కలదు. పెద్ద నల్లతుమ్మెద వచ్చి పూవును పట్టుకొని రొదచేయగా ఆ అదటునకు పుప్పొడి రాలును. తేనెలేని ఈ చెట్టుపేరనే మన భాషలో 'తంగేటిజున్ను' అను పలుకుబడి పుట్టుట వింత. ఇచ్చట జున్ననగా తేనెపట్టు. ఈగలు ఎక్కడెక్కడి తేనెనో తెచ్చి ఈ పొట్టిపొదలో పట్టు పెట్టును. నిచ్చెన అక్కరలేక చేతికందును. ప్రయాసలేక దొరకిన తీపికి ఆ పేరు అందువలననే కలిగెనని నా తలంపు.

ఇక వృక్షశాస్త్రజ్ఞులు పెట్టిన పేర్ల సంగతి. స్వీడను దేశీయుడగు లిన్నేయసు 1753లో దీనికి 'కేసియా ఆరిక్యులేటా' అని పేరు పెట్టెను. ఆరిక్యులేటా యనగా చెవులు కలది. నేను మీకు చెప్పిన చెవితమ్మెలే అతనికిని ఆనవాలైనవి. పిమ్మట స్కాట్లండు వైద్యుడు విలియం రాక్సుబరో మన గోదావరిసీమలో సామర్లకోటయందు తోట వేసి, కోరమాండలుతీరపు మొక్కలను చిత్రములు వ్రాయించి, వానిప్రక్క తెలుగుపేర్లుకూడ ఎక్కించెను. అతడు 1793లో కలకత్తా వనమునకు అధికారియై వెళ్లి, 1815లో మరణించెను. అతని గ్రంథము 1832లో శ్రీరామపురమున అచ్చయినది. అందులో అతడు దీనిని 'సెన్నా' అను ప్రజాతిలో చేర్చెను. పండితులు చాలకాలము ఆ మాట పాటింపక కేసియా అనియే వ్యవహరించిరి. 1982లో ఇర్విను, బార్నెబీ అను నిరువురు అమెరికా శాస్త్రజ్ఞులు ఆ పెద్దప్రజాతిని మూడుగా విభజించినపిమ్మట నేడు తంగేడు మరల సెన్నాయే. నూటయేబది యేండ్లకు రాక్సుబరోమాట నిలిచినది.

ఈ సెన్నా ప్రజాతిలో రమారమి 250కి మించిన జాతులున్నవి. చాలభాగము ఉష్ణదేశముల పొదలును చిన్నచెట్లును. మనయెదుట నిత్యము కనబడునవే అనేకము. కసివింద దీని చుట్టము. చక్రమర్దమని వైద్యులు వ్యవహరించు తంటెము మరియొకటి. తామరవ్యాధికి ఆకు నూరి పూయు మెట్టతామర అమెరికానుండి వచ్చిన చుట్టము. విరేచనమునకు వాడు సునాముఖి కూడ ఈ ఇంటిదే. సునాముఖి యను పేరు విని మనవారు సువర్ణముఖి యని సంస్కృతవ్యుత్పత్తి చెప్పుచుందురు. నిజమునకు 'సనా మక్కీ', అనగా మక్కా సీమ సనా యను అరబ్బుమాట మన నోట అట్లు మారినది. సెన్నా యను లాటినుపేరునకును ఆ సనాయే మూలము. రేలచెట్టు మాత్రము చూపునకు దగ్గరిచుట్టమేయైనను కేసియాలోనే నిలిచిపోయినది.

సంస్కృతనిఘంటువులలో తంగేటికి ఆవర్తకి యని పేరు. నరహరిపండితుని రాజనిఘంటువులో దీనికి పర్యాయపదములు అనేకము కలవు. వానిలో ఒకటి 'చర్మరంగా'. బాల్యమున గురువులు నిఘంటువులను వల్లెవేయించిరేగాని, ఒక్కొక్కపేరు ఏల కలిగెనో చెప్పుట వారి పద్ధతి కాదు. ఆ మాటను విడదీసి చూడుడు. చర్మమునకు రంగునిచ్చునది. ఆ పేరు అడవిలో పుట్టలేదు, ఆశ్రమములో పుట్టలేదు. తోలుపని చేయువాని గోతివద్ద పుట్టినది. వైద్యుడు ఆ గోతివానినుండియే పేరు గ్రహించి నిఘంటువున నుంచెను. ఆంగ్లభాషలోను దీనికి తోలుపదునుచేయువాని కేసియా యని అర్థమిచ్చు పేరే కలదు. దేశములు వేరు, భాషలు వేరు. పేరుమాత్రము ఒకే వృత్తిని చూపుచున్నది. తెలుగులో మాత్రము తంగేడనగానే మనకు తాంబాళము తోచును, లంద తోచదు. ఇది ఎట్లు జరిగెనో విచారింపదగినది.

తాంబాళము సంగతి మొదట చెప్పెదను. బతుకమ్మ తొమ్మిదినాళ్ల పండుగ. మహాలయామావాస్యనాడు ఎంగిలిపూల బతుకమ్మతో ప్రారంభమై, దుర్గాష్టమినాడు సద్దుల బతుకమ్మతో ముగియును. కొన్ని యూళ్లలో ఈ దినములలో స్వల్పభేదములు లేకపోలేదు. తాంబాళమున గుమ్మడియాకులు పరచి, దానిపై తంగేటిపూవులు, గునుగు, కట్లపూలు, బంతి, చేమంతి వరుసలు వరుసలుగా పేర్చి, గోపురముచేసి, శిఖరమున పసుపుతో చేసిన గౌరమ్మను నిలుపుదురు. గునుగుపూలకు రంగులద్దుదురు, తంగేటికి ఆ అవసరము లేదు. ఎన్నిపూవులున్నను తంగేడు లేనిది బతుకమ్మ కాదని మా యింటి వృద్ధస్త్రీలు పట్టుపట్టెడివారు. హనుమకొండలో 1163లో రుద్రదేవుడు కట్టించిన వేయిస్తంభముల గుడి ముంగిట ఎంగిలిపూలనాటి సాయంకాలము స్త్రీలు కూడుట, సద్దులనాడు పద్మాక్షిగుట్ట దిగువ గుండమున బతుకమ్మలను విడుచుట చూచినవారికి వర్ణన అక్కరలేదు.

ఈ పండుగకు మంత్రము లేదు, పురోహితుడు లేడు, పూజింపబడినది పువ్వే. దేవాలయములో తంగేటిపూలమాలకు ముందుపీఠము దొరకుట నేను చూడలేదు. మన ప్రబంధకవుల వనవిహారములలోను మల్లెలు, మొల్లలు, పొన్నలు, పొగడలు, సంపెంగలు ముందునిలుచును. తంగేడు ఊరిబయటిది, వాసనలేనిది, వెలలేనిది. దానిని శిఖరమెక్కించినవారు స్త్రీలు.

తంగేటిని గూర్చి స్త్రీలు చెప్పుకొను కథయు ఒకటి కలదు. దానికి ఊరూరను మార్పులున్నను సారమిది. అన్నలకు గారాబుచెల్లెలు ఒకతె. అన్నలు ఊరలేని సమయమున వదినె ఓర్వలేక ఆమెకు విషమిచ్చి చంపి ఊరిబయట పూడ్చినది. పూడ్చినచోట తంగేడు మొలచి పూచినది. ఆ కథ ఎంత పాతదో చెప్పుటకు శాసనాధారము లేదు. కాని అందులో ఒక సత్యము కలదు. తంగేడు మొలచుచోటు ఊరిబయట. మనుష్యులు వలదని త్రోసిన నేల అది. బతుకమ్మనాడు స్త్రీలు ఊరిబయటినుండి దానిని ఊరిలోనికి తెత్తురు.

తమిళదేశమునను ఇట్టి మర్యాద కలదు. అచ్చట దీనిపేరు ఆవారము, ప్రాచీనరూపము ఆవిరై. సంగకాలపు కావ్యములలో ప్రేయసి దక్కని యువకుడు తాటిమట్టలతో చేసిన గుఱ్ఱమునెక్కి వీథులవెంట పోవునప్పుడు ఆవిరైపూలమాల ధరించునని చెప్పబడినది. కొంగుసీమలో పొంగలిపండుగకు ఇంటిచూరున వేపాకును, ఆవారపుపూవును, తెల్లని పిండికూరపూవును కలిపి కట్టుదురు. పసుపుపూవుప్రక్క తెల్లనికంకి! మన తంగేడు, గునుగు జంట గుర్తుకు రాకమానదు. సింహళమున దీనిని రణవర యందురు. పూవులను కాచి పానీయముగా త్రాగుదురు. మన వైద్యులును ప్రమేహమున దీని పూవును, గింజను వాడుట కలదు.

ఇక పట్ట.

తంగేటిపట్టలో నూటికి 15 మొదలు 20 పాళ్లవరకు టానిను అను వగరుపదార్థము కలదు. పచ్చితోలు నీటిలోనున్న క్రుళ్లును, ఎండిన కట్టెవలె బిగియును. ఈ వగరు తోలులోని పోగులను పట్టుకొనినచో అది క్రుళ్లదు, బిగియదు; మెత్తనై ఏండ్లతరబడి పనికివచ్చును. ఇంతే తోలు పదునుచేయుటలోని మర్మము. మర్మము చిన్నదే, పని మాత్రము చిన్నది కాదు.

నేనొక గ్రామపాఠశాలలో తెలుగు చెప్పుచున్నప్పుడు, బతుకమ్మసెలవులకు ముందు, బాలురచేత పూవుల పేర్లు చెప్పించుచుంటిని. ఒక కుఱ్ఱవాడు లేచి, "సార్, మా తాత గీ తంగేడుపట్టతోనే తోళ్లు ఊనెటోడు" అనెను. తరగతి నవ్వినది. నేను నవ్వినవారిని నిలువబెట్టలేదు. మరునాడు తరగతినంతటిని ఆ వృద్ధుని యింటికి తీసికొనిపోతిని. అప్పటికే ఆయన లంద పూడి పదియేండ్లు దాటినది. అయినను ఆయన మంచముమీదనుండి లేచి, గోయి ఉండిన చోటును కాలితో గీచి చూపెను.

ఆయన చెప్పినదానిని నా మాటలలో చెప్పెదను. మొదట తోలును నీటనుంచి కడిగి నెత్తురు, ఉప్పు వదలింతురు. తరువాత సున్నపుగోతిలో కొన్నిదినములుంచినచో వెండ్రుకలు వదులగును. మొద్దుకత్తితో వానిని గీచి, లోపలివైపు అంటియున్న మాంసపుపొరను పదునుకత్తితో తీసి, సున్నమంతయు పోవువరకు మరల మరల కడుగుదురు. తంగేటికొమ్మలను నరికి, కఱ్ఱతో కొట్టి పట్టను ఒలిచి, ఎండబెట్టి, దంచి నీటిలో నానవేయుదురు. ఆ వగరునీటిలో తోలును వేసి త్రొక్కుచు, కొన్నినాళ్లకొకమారు పాతపట్టను తీసి క్రొత్తపట్టను వేయుదురు. ఆపైన తోలును సంచివలె కుట్టి, కొమ్మకు వ్రేలగట్టి, లోపల పట్టను, నీటిని నింపుదురు. నీరు తోలుగుండ బొట్లుబొట్లుగా కారును. క్రింద కుండబెట్టి పట్టి మరల పైనపోయుదురు. తంగేటితో మాత్రమే ఊనిన తోలు వెలుతురు సోకినకొలది ఎఱ్ఱబారును; అందుచేత కడపట కరక్కాయనీటిలో ముంచుదురు. నూనె పట్టించి ఆరవేసినచో తోలు సిద్ధము.

"కంపు గురించి అడుగలేదేమి?" అని ఆయనయే నవ్వి, సున్నము చేతులు తిన్న గుర్తులను పిల్లలకు చూపెను. పట్ట ఎప్పుడు కొట్టెడివారని నే నడిగితిని. "పూలు కోసినంక చెట్టు మాకు ఇడిశిపెట్టెటోళ్లు సారూ. దసరా ఎల్లినంక పోయెటోళ్లం" అనెను. ఆడువారి గంపలు పోయినపిమ్మట వీరి కొడవండ్లు పోయెడివి. మొదలు విడిచి నరికినందున తొలకరికి చెట్టు మరల చిగిర్చెడిది. పువ్వుకు పట్ట అడ్డురాలేదు, పట్టకు పువ్వు అడ్డురాలేదు. ఒకే చెట్టువద్దకు రెండుచేతులును వచ్చెడివి, కాని ఆ రెండుచేతులు ఒకదానినొకటి తాకరాదను కట్టుబాటు ఊరిలో నుండెడిది. మాదిగవాడలోని స్త్రీలు అనేకగ్రామములలో తమ బతుకమ్మను వేరుగా తమవాడలోనే ఆడుకొనవలసివచ్చెడిది.

ఆ తోలు ఏమయ్యెను? చెప్పులయ్యెను, ఎద్దులపట్టెడలయ్యెను, కొరడాలయ్యెను. అన్నిటికన్న ముఖ్యముగా మోటబొక్కెన అయ్యెను. కాకతీయులు పాకాల, రామప్ప, లక్నవరము చెరువులు కట్టిరని మనము సగర్వముగా చెప్పుకొందుము, చెప్పుకొనవలసినదే. చెరువునీరందని మెట్టపొలముల బావులనుండి నీటిని పైకి తెచ్చినది ఎద్దులజత, మోకు, తోలుబొక్కెన, దాని తొండము. రోజంతయు నీటిలో మునిగి తేలు తోలునకు పదును చెడినచో పంట చెడును. నా బాల్యమున, 1960ల నడుమకూడ, తెల్లవారుజామున మోటగిలక కిఱ్ఱుమను ధ్వని మా యూర వినబడెడిది. వరికి మడులలో పచ్చిరొట్టగా త్రొక్కునది తంగేటియాకే. ఆ మడికి నీరు తెచ్చినది తంగేటిపట్ట ఊనిన తోలే. ఒక్క పొద ఇంతపని చేసినదని ఎంచి చూడుడు.

శాసనములలో దీని జాడ వెదకినచో దొరకుట కష్టము. గణపతిదేవచక్రవర్తి 1244లో మోటుపల్లి రేవున వర్తకులకభయమిచ్చుచు వేయించిన శాసనమున చందనము, కర్పూరము, పన్నీరు, దంతము, ముత్యములు, పగడములు, పట్టునూలు, మిరియములు మొదలగువానికి సుంకములు వ్రాయబడినవి. అవి ఓడలెక్కిన సరకులు. ఊరి పొలిమేరలో దొరకి, ఊరిలోనే వాడబడి, ఊరిలోనే అరిగిపోయిన వస్తువును ఏ రాజు రాతిపై చెక్కించును? చరిత్రకారుడు రాతినిమాత్రమే చదివినచో లంద కనబడదు. కావ్యమునందు మాత్రము ఒక ద్వారము తెఱచుకొనినది. మన పాలకుర్తివాడైన సోమనాథకవి తన బసవపురాణములో మాదార చెన్నయ్యకథ చెప్పెను. శివుడు ఆ భక్తుని అంబలిని ఆరగించెనని ఆ కథ. ఓరుగల్లు సీమలో పుట్టిన కవి ఆనాడే తోలుపనివారి కులమునందు పుట్టిన భక్తుని పురాణమున నిలుపుట సామాన్యవిషయము కాదు.

కథలో గౌరవము దొరకినను గ్రామములో దొరకలేదు. నిజామురాజ్యకాలమున తెలంగాణమునందలి వెట్టిచాకిరి మీరెఱుగనిది కాదు. దొరలయిండ్లకు, అధికారులకు చెప్పులు, దొరల బావులకు మోటతోళ్లు మాదిగవారు వెలలేకయే ఈయవలసియుండెను. పట్ట అడవిది, తోలు చచ్చిన పశువుది, శ్రమకు వెల ఏమి యని దొరల తర్కము! 1930లో జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన ప్రారంభమైన ఆంధ్రమహాసభ, ఆపైన వచ్చిన రైతుపోరాటము ఈ వెట్టిని కదలించినవి. వెట్టిచరిత్ర వ్రాయువారు దొరగడీని వర్ణింతురు, మంచిదే. ఆ పూడిన లందను కూడ ఒకమారు చూచి వ్రాసినచో బాగుండును.

ఊరిలో వెలలేని ఈ పని మద్రాసులో మాత్రము గొప్పవర్తకమయ్యెను. 1840 ప్రాంతమున చార్లెసు డి సూసా యనునతడు అచ్చట తోలుపదును పద్ధతిని సంస్కరించెనని చెప్పుదురు. సున్నము, తంగేటిపట్ట, కరక్కాయ, నూనె. వస్తువులు మన పల్లెవే, క్రమము క్రొత్తది. ఇట్లు ఊనిన తోళ్లు ఈస్టిండియాకిప్పులని లండనులో పేరుపొందినవి. 1889లో ఓరుగల్లుమీదుగా ఇనుపదారి బెజవాడకు చేరినపిమ్మట మన సీమ సరకులు సముద్రతీరమునకు పోవుట సులభమైనది. 1914-18 యుద్ధమున బ్రిటిషుసేనల జోళ్ల పైతోలునకు ఈ మద్రాసుతోళ్లు విశేషముగా వినియోగపడినవి. ఐరోపాఖండమున బురదకందకములలో నిలిచిన సైనికులలో ఎందరి కాళ్లను మన బీటినేలల పొద కాపాడినదో!

ఆ ఉచ్ఛ్రయము చిరకాలము నిలువలేదు. క్రోముఉప్పుతో తోలును ఊను పద్ధతిని అమెరికాలో షుల్టుజు 1884లో కనిపెట్టెను. మద్రాసు చిత్రకళాశాలకు అధికారియైన ఆల్ఫ్రెడు చాటర్టను 1903లో దానిని ఇచ్చటికి తెచ్చి, ఆ తోలుతో మొదట చేయించినవానిలో కపిలబొక్కెన యొకటి. చూచితిరా! క్రొత్తవిద్యకును మొదటిపరీక్ష మన మోటయే. పట్టతో నెలలు పట్టు పని క్రోముతో దినములలో ముగియును. పట్ట కావలసినవారికిని దక్షిణాఫ్రికానుండి వాటిలుపట్ట ఓడలపై వచ్చినది. అందు టానిను తంగేటిలోకన్న అధికము. తంగేడు వెనుకబడినది. 1948లో మద్రాసున కేంద్ర చర్మపరిశోధనసంస్థ వెలసినది. దానికి 1958 నుండి 1971 వరకు అధ్యక్షుడైనవాడు మన తెలుగువాడు, తెనాలి సమీపమున యలవర్రున జన్మించిన యలవర్తి నాయుడమ్మగారు. అగ్రకులములు దూరముగా నిలిచి చూచిన ఈ వృత్తిని విజ్ఞానశాస్త్రపు పీఠముపై కూర్చుండబెట్టుటకు ఆయన జీవితమంతయు శ్రమించెను. 1985లో కనిష్క విమానము పేల్చివేయబడినప్పుడు ఆయన మరణించుట దేశమునకు తీరనిలోటు.

మన పల్లెలలో లందలను పూడ్చినది క్రోము కాదు. చమురుయంత్రము, తరువాత విద్యుత్తు పంపు వచ్చి మోటను ఆపినవి. రబ్బరుచెప్పు వచ్చి తోలుచెప్పును ఆపినది. చచ్చిన పశువు తోలు పట్టణవర్తకునికి పోయెను. వెట్టి పోయినందుకు సంతోషించు ఆ వృద్ధుడే విద్య పోయినందుకు దుఃఖించెను. ఆ రెండును ఒక్క మనస్సులో ఉండవచ్చుననుట ఆయనను చూచినవారికి సంశయము లేదు. "నా మనుమడు లందల దిగొద్దు సారూ, గని నేను జేసిన తోలు మంచిది" అనెను. ఆయన తాను పూర్వము చేసిన చెప్పులజత ఒకటి తెచ్చి నా చేతికిచ్చెను. నవ్విన పిల్లలు దానిని ఒకరిచేతినుండి ఒకరు తీసికొని ముట్టి చూచిరి. నేను నాలుగుదశాబ్దములలో చెప్పిన పాఠములలో అంత నిశ్శబ్దముగా సాగిన పాఠము మరియొకటి లేదు.

2014 జూనులో తెలంగాణరాష్ట్రము ఏర్పడినది. బతుకమ్మ రాష్ట్రపుపండుగ అయినది. ఆ సంవత్సరము నవంబరులో తంగేడు రాష్ట్రపుష్పముగా, జమ్మి రాష్ట్రవృక్షముగా ప్రకటింపబడినవి. ఊరిబయటి పొదకు ఇట్టి పట్టాభిషేకము జరుగుట నావంటివానికి ఆనందము. అయితే ఆ సందర్భమున వెలువడిన వ్యాసములు నేను చదివినంతలో పువ్వునే పొగడినవి. పట్టపేరెత్తినవి అరుదు. చర్మరంగా యను పేరు నిఘంటువులో అట్లే యున్నది.

ఇక చెట్టును గూర్చి ఒకమాట. పశువులు దీనిని అంతగా మేయవు కాబట్టి ఇన్నియేండ్లు బీళ్లలో నిలిచినది. నేడు బీళ్లే తరుగుచున్నవి. హనుమకొండ, కాజీపేట, ఓరుగల్లుల చుట్టునున్న గుట్టలంచులు ఇండ్లస్థలములైనవి. రాళ్లు పాతి హద్దులు వేసినచోట మొదట పోవునది తంగేడే. పండుగదినములలో అంగడిలో తంగేటిపూవును కొనవలసిన కాలము వచ్చినది. ఎక్కడెక్కడినుండియో కట్టలు కట్టి తెత్తురు. నడుమ పూవు వాడి రాలును. మా వీథిలో స్త్రీలు గునుగు, బంతి దండిగా పెట్టి, తంగేటిని ఒక్కవరుసతో సరిపెట్టుట చూచుచున్నాను.

పెంచదలచినవారికి ఇది కష్టమైన చెట్టు కాదు. కాయలు పలుచగా, చదునుగా, కాగితమువలె ఎండి గోధుమవన్నెకు తిరిగినపుడు కోసి గింజలు తీయవలెను. గింజపైపెంకు గట్టిది, ఊరక నేలలో వేసినచో చాలకాలము మొలవక యుండును. వేడినీటిలో పోసి, ఆ నీరు చల్లారువరకు ఉంచి, రాత్రియంతయు నాననిచ్చి విత్తినచో త్వరగా మొలచును. ఎఱ్ఱనేలయైనను, గులకనేలయైనను చాలును, నీరు నిలువరాదు. నరకినను మొదలు విడిచినచో మరల చిగిర్చును. మా పెరటిగోడవెంబడి ఆరు మొక్కలున్నవి. గింజలు కావలసినవారికి ఈ మాఘమాసమున ఇచ్చెదను.